ఠగ్ అంటే గూండా కాదు

ఎపిసోడ్‌లో హడావిడిగా చెప్పేసిన కథను ఇక్కడ నిదానంగా రాస్తున్నా. శుక్రవారం సెలవు కాబట్టి రూములో కూర్చొని ఫోన్‌లో టైపు చేసింది, అక్షర దోషాలుంటే సర్దుకోండి. నేను చరిత్ర చదువుకున్నోణ్ణి కాదు, ఐటీఐ ఫిట్టర్ని. ఒక మాట కుదురుగా ఉండనీయకపోతే దాని వెంటపడి దొరికిందల్లా చదివాను.

ఆ మాట నాకు తగిలింది ఒక కాగితం మీద. రెండేళ్ల కింద దోహాలో అప్పుడు నేను చేస్తున్న సైటులో, నిర్మల్ వైపు తమ్ముడొకడు స్టీల్ ఫిక్సర్‌గా ఉండేవాడు. రెండు నెలల జీతం రాలేదని క్యాంపు ఆఫీసుకు పోయి అడిగాడు. మనిషిది పెద్ద గొంతు. 'టీ తాగుదాం రా అన్నా' అని మామూలుగా పిలిచినా కింద ఫ్లోరుకు వినిపిస్తుంది. ఆ రోజు బల్ల మీద చెయ్యేసి గట్టిగా అడిగాడు. ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. మరుసటి రోజు ఇన్సిడెంట్ రిపోర్టు ఒకటి నా దగ్గరికి వచ్చింది, సూపర్‌వైజరు సంతకం కోసం. అందులో అతన్ని 'థగ్' అని రాశారు. అర్థం సరిగ్గా తెలియక ఫోన్‌లో చూశాను. గూండా, రౌడీ అని వచ్చింది. కాగితం తెచ్చినోళ్లు ఎదురుగా నిలబడి ఉన్నారు. నేను సంతకం పెట్టేశాను.

కొన్నాళ్ల తర్వాత మా రూములో బీహార్ అబ్బాయి ఒకడు మార్కెట్ నుంచి వచ్చి, చార్జర్ కొన్న దుకాణంవాడు తనను 'ఠగ్ లియా' అని తలకాయ పట్టుకున్నాడు. దుకాణంవాడు ఇతన్ని కొట్టాడా? లేదు. తియ్యగా మాట్లాడి పది రియాళ్ల సరుకు ముప్పైకి అంటగట్టాడు. అప్పుడు తట్టింది నాకు, ఆ కాగితం మీది మాట, ఈ అబ్బాయి నోట్లోంచి వచ్చిన మాట ఒకటేనని.

ఒకటే. ఇంగ్లీషువాళ్లు 'థ' అని పలుకుతారు, మన దేశంలో అది 'ఠ'. సంస్కృతంలో 'స్థగ' అంటే మోసగాడు. దాని ధాతువుకు కప్పిపెట్టడం, దాచడం అని అర్థం. అక్కడి నుంచి హిందీలో ఠగ్ అయింది, మరాఠీలో కూడా ఉంది. తెలుగులో అర్థానికి దగ్గరగా చెప్పాలంటే టక్కరివాడు. టక్కరివాడు చెయ్యి ఎత్తడు, నవ్విస్తూ నీ జేబులోది తీస్తాడు. గూండాకు ఆ ఓపిక ఎక్కడిది?

మాట పాతదే. బరనీ అనే చరిత్రకారుడు 1350ల నాటి తన పుస్తకంలో, ఢిల్లీ సుల్తాను జలాలుద్దీన్ ఖిల్జీ కాలంలో అంటే 1290ల్లో, దాదాపు వెయ్యి మంది ఠగ్గులను పట్టుకున్నారని రాశాడు. సుల్తాను వాళ్లలో ఒక్కణ్ణీ చంపించలేదు. పడవలెక్కించి బెంగాల్ వైపు పంపించి వదిలేయమన్నాడు. బెంగాల్ వాళ్లు ఏమనుకున్నారో మరి! 1660ల్లో మన దేశం తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో కూడా, ఢిల్లీ ఆగ్రా దారిలో ఉచ్చు విసిరి గొంతు బిగించే దొంగల గురించి రాశాడు. అయితే ఈ మాట ఇంగ్లీషులోకి గట్టిగా ఎక్కింది 1810 ప్రాంతంలో. ఆ ఎక్కిన తీరు మనలాంటోళ్లకు తెలియాల్సిన కథ.

అప్పట్లో కంపెనీ వాళ్ల బెంగాల్ సైన్యంలో సిపాయిలు ఎక్కువగా అవధ్ వైపు పల్లెలవాళ్లు. పల్టను ఎక్కడో ఉంటుంది, ఇల్లు వందల మైళ్ల దూరంలో ఉంటుంది. నెలల జీతం కూడబెట్టి, సెలవు దొరికినప్పుడు నడుముకు కట్టుకొని కాలినడకన బయలుదేరేవాళ్లు. రైళ్లు లేవు, బ్యాంకులు లేవు. అలా పోయినవాళ్లలో కొందరు ఇల్లు చేరలేదు. అడిగేవాళ్లు కూడా ఉండరు గదా. ఇంట్లోవాళ్లు ఇంకా పల్టన్లోనే ఉన్నాడనుకుంటారు. పల్టన్లో ఏమో సెలవు దాటినా రాలేదు, పారిపోయి ఉంటాడు అనుకుంటారు. మనిషి మధ్యలో మాయం. ఇటావా జిల్లాలో మేజిస్ట్రేటుగా ఉన్న థామస్ పెర్రీకి బావుల్లో శవాలు దొరుకుతుంటే ఎవరివో తెలిసేది కాదు. పరదేశి శవాన్ని ఆ ఊరివాళ్లు ఎట్లా గుర్తుపడతారు?

1810 ఏప్రిల్‌లో మేజర్ జనరల్ సెయింట్ లెజర్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. సెలవు మీద ఇంటికి పోయే సిపాయిలను ఠగ్గులనేవాళ్లు చంపి దోచుకుంటున్నారు, సత్రాల్లో కలుస్తారు, మేమూ అటే పోతున్నాం అంటారు, స్నేహం చేస్తారు, చీకటితోనే బయలుదేరదీస్తారు, తిండిలో ఉమ్మెత్త కలుపుతారు, గొంతు బిగిస్తారు, జాగ్రత్త అని అందరికీ చెప్పమన్నాడు. రాత్రిపూట నడవొద్దన్నాడు. ముఖ్యంగా, డబ్బు నగదుగా పట్టుకుపోవద్దు, ఇక్కడ కట్టి కలెక్టరు ఖజానాలో చెల్లే చీటీ తీసుకొని అక్కడ మార్చుకోండి అన్నాడు.

ఈ ఉత్తర్వు గురించి చదివినప్పుడు నాకు వెన్ను జలదరించింది. ప్రతి నెలా ఎక్స్‌చేంజి ముందు లైన్లో నిలబడి మనం తీసుకునే స్లిప్పు అదే గదా. రెండు వందల ఏళ్ల కింద కూడా దూరం పోయి సంపాదించినోడికి పెద్ద భయం ఆ సంపాదన ఇంటికి చేర్చడం దగ్గరే. దోపిడీదార్ల కథ అనుకొని మొదలుపెట్టాను, చదువుతూ పోతే అది సెలవు మీద ఇంటికి పోయేవాళ్ల కథ అయింది.

వాళ్ల పని తీరు చెప్పాలి. గుంపులో ఒక్కొక్కడికి ఒక్కో పని ఉండేది, మన సైటులో ఫిట్టరు, వెల్డరు, రిగ్గరు ఉన్నట్టు. గొంతు బిగించేవాడు వేరు, చేతులు పట్టుకునేవాడు వేరు, గొయ్యి తవ్వేవాడు వేరు. వాళ్లలో వాళ్లకు రామాసీ అనే చాటు భాష ఒకటి. ఆయుధం రుమాలు. తంబాకు తీయమనడం లాంటి మామూలు మాటే సైగ. ఆ సైగ వచ్చేదాకా బాటసారికి తన పక్కనున్నవాళ్లు తోడొచ్చిన మంచివాళ్లే.

వీళ్లందరిలో అసలు పనివాడు 'సోఠా'. సత్రంలో బాటసారిని మాటల్లోకి దించేవాడు. మంచి బట్టలు కట్టుకుంటాడు, మర్యాదగా ఉంటాడు. ఎదుటి మనిషి కులం, ఊరు, వేషం చూసి దానికి తగ్గట్టు తానూ అదే అయిపోతాడు. ఒంటరిగా పోతున్నావా, దారి మంచిది కాదు, మాతో రా అంటాడు. దొంగల భయం చూపించేదే దొంగ! రోజుల తరబడి కలిసి నడిచి, కలిసి తిని, ఇక నమ్మకం కుదిరింది అనుకున్న రోజే పని ముగించేవాళ్లు. ఇప్పుడు చెప్పండి, స్థగ అన్న పాత మాట వాళ్లకు ఎంత సరిపోయిందో.

సోఠాను నేను చూశాను. 2003లో నాకు గల్ఫ్ పంపిస్తానన్న ఏజెంటు మా భాషవాడే. మా అమ్మను 'అక్కా' అని పిలిచి, మా ఇంట్లో రాగిసంగటి తిని, మీ వాడు నా తమ్ముడులాంటోడు అన్నాడు. ఫిట్టరు వీసా అని డబ్బు తీసుకున్నాడు. ఇక్కడ దిగాక కాగితం మీద హెల్పరు అని ఉంది. అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. ఎయిర్‌పోర్టులో మన భాషలో పలకరించి 'తమ్ముడూ, ఈ మందుల ప్యాకెట్ మా వాళ్లకు ఇస్తావా' అనేవాడు కూడా ఆ జాతే. వాడి గొంతు ఎప్పుడూ పెద్దగా ఉండదు.

ఇదంతా ఉత్తరాది ముచ్చట అనుకున్నా మొదట. కాదంట. మాది చిత్తూరు జిల్లా, పలమనేరు వైపు. 1807లో చిత్తూరు, ఆర్కాటు మధ్య ఒక గుంపు పట్టుబడింది, తిరువాన్కూరు వైపు దోచుకున్న సొమ్ముతో తిరిగొస్తుంటే. అప్పుడు చిత్తూరు మేజిస్ట్రేటు విలియం రైట్ వాళ్ల సంగతులు సేకరించాడు. దానికి ముందు 1799లో, శ్రీరంగపట్నం పడిపోయాక, బెంగళూరు దగ్గర వంద మంది దాకా దొరికారు. మద్రాసు సెయింట్ జార్జి కోటలో డాక్టరుగా ఉన్న రిచర్డ్ షేర్‌వుడ్ ఈ దక్షిణాది గుంపుల మీద 1816లో ఒక వ్యాసం అచ్చువేశాడు. ఇక్కడ వాళ్లను ఫాన్సీగార్లు అనేవాళ్లు, ఫాన్సీ అంటే ఉరి. కనబడడానికి సేద్యం చేసుకునేవాళ్లలాగే ఉండేవాళ్లని, కొందరు పాళెగాళ్లు సొమ్ములో వాటా తీసుకొని అండగా ఉండేవాళ్లని రాశాడు.

ఆ వ్యాసంలో ఆయన ఒక్కో భాషలో వాళ్ల పేరు ఇచ్చాడు. తెలుగు పేరు చూసి కుర్చీలోంచి లేచాను. ఇంగ్లీషు అక్షరాల్లో వంకర టింకరగా ఉంది గానీ, పైకి చదివితే 'ఉర్లు వేసే వాండ్లు'. వాండ్లు! మా అవ్వ అనేది 'ఆ ఊరి వాండ్లు, ఈ ఊరి వాండ్లు' అని. నేను ఇక్కడికొచ్చాక పదిమందిలో నవ్వుతారని 'వాళ్లు' అనడం నేర్చుకున్నా. రెండు వందల ఏళ్ల కింద ఎవరో మా సీమ మనిషి ఆ దొరకు చెప్పిన మాట, వాడు పలికిన పలుకుతో సహా కాగితం మీద నిలిచిపోయింది. ఇంగ్లీషు మాత్రం మన 'ఉర్లు వేసే వాండ్లు' తీసుకోలేదు, ఠగ్ తీసుకుంది. పలకడానికి చిన్నదిగా ఉందనేమో.

ఇక విలియం స్లీమన్ సంగతి. 1820ల చివర నుంచి నర్మదా ప్రాంతంలో ఠగ్గుల వేట నడిపించిన కంపెనీ అధికారి. 1830 చివర్లో ఫిరంగియా అనే నాయకుడు దొరికాక వేట ఊపందుకుంది. పద్ధతి ఏమిటంటే అప్రూవర్. నువ్వు మిగతావాళ్ల పేర్లు చెప్పు, నీకు ఉరి తప్పిస్తాం అనడం. పేరు చెబితే ప్రాణం దక్కుతుందంటే మనిషి ఎన్ని పేర్లు చెబుతాడో ఆలోచించండి. 1836 నాటి చట్టం ఇంకా గట్టిది. ఫలానా హత్య ఇతనే చేశాడని రుజువు చేయక్కర్లేదు. ఏనాడైనా, కంపెనీ హద్దుల లోపలైనా బయటైనా, ఠగ్గుల గుంపులో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవం. 1840 నాటికి నాలుగు వందల మందికి పైగా ఉరితీశారు, వెయ్యి మందికి పైగా సముద్రాలు దాటించారు. శిక్షపడినవాళ్ల ముఖం మీద ఠగ్ అని పచ్చబొట్టు పొడిపించారు. అప్రూవర్లను కూడా వదల్లేదు. జబల్‌పూర్‌లో గుడారాలు, తివాచీలు చేసే పనిశాల పెట్టి వాళ్లనూ వాళ్ల పిల్లల్నీ అందులోనే ఉంచారు.

ఈ రికార్డు అంతా ఎంతవరకు నమ్మాలి అని చరిత్రకారులు యాభై అరవై ఏళ్లుగా కొట్లాడుకుంటూనే ఉన్నారు. కాళికాదేవికి బలులిచ్చే రహస్య మతం అని దొరలు రాసినదాన్ని ఇప్పుడు చాలామంది ఒప్పుకోవడం లేదు. గుంపుల్లో హిందువులూ ముస్లింలూ కలిసే ఉండేవాళ్లు. పల్టన్లు రద్దయి పనిపోయిన సైనికులు, జమీందార్ల అండతో పంటలు లేని నెలల్లో దోపిడీకి పోయే పల్లెటూరోళ్లు అందులో ఎక్కువ అంటారు కిమ్ వాగ్నర్ లాంటివాళ్లు. బెహ్రామ్ అనే ఒకడు 931 మందిని చంపాడని ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. వాడి వాంగ్మూలంలో ఉన్నది అన్ని హత్యల దగ్గర ఉన్నానని, సొంత చేత్తో చంపింది నూట పాతిక దాకా అని. అదీ తక్కువేం కాదనుకోండి. నా మటుకు నాకు, బావుల్లో శవాలు నిజం, ఇల్లు చేరని సిపాయిలు నిజం. పేర్ల జాబితాలన్నీ నిజమని మాత్రం ప్రమాణం చేయలేను.

ఆ చట్టం నేర్పిన అలవాటు ఏమిటంటే, చేసిన పనిని వదిలి మనిషికి పేరు పెట్టి శిక్షించడం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చి, మొత్తం తెగలకు తెగలనే పుట్టుకతో నేరస్థులన్నది. 1911 తర్వాత అది మన వైపుకూ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. ఆ ఊరి పేరు ఒక దొరది, దొంగలన్న పేరు మాత్రం అక్కడి జనానికి మిగిలింది. 1952లో చట్టం రద్దయింది, పేరు సినిమాల్లో ఇంకా నడుస్తోంది.

మాట లండన్ చేరింది ఎట్లాగంటే, నవల ద్వారా. హైదరాబాదు నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్, ఒక ఠగ్గు తన కథ తానే చెప్పుకుంటున్నట్టు రాసిన నవల 1839లో అచ్చయింది. జనం విరగబడి చదివారు. అదే ఏడాది చివర థామస్ కార్లైల్ అనే పేరున్న రచయిత అక్కడి కార్మికుల గొడవల మీద ఒక పుస్తకం తెచ్చాడు. అందులో ఈ మాట వాడాడు. ఎవరి మీద అనుకుంటున్నారు? గ్లాస్గో నూలు కార్మికుల మీద.

వాళ్ల కథ క్లుప్తంగా చెప్తా. 1837లో వ్యాపారం పడిపోయిందని గ్లాస్గో మిల్లుల యజమానులు కూలి కోశారు. నూలు వడికేవాళ్లు సమ్మె కట్టారు. సమ్మె నెలల తరబడి సాగింది, సమ్మె దాటి పనికి పోయిన ఒక కార్మికుణ్ణి ఎవరో తుపాకీతో కాల్చి చంపారు. సంఘం కమిటీని అరెస్టు చేశారు. 1838 జనవరిలో ఎడిన్‌బరోలో విచారణ జరిగితే, ఐదుగురు నాయకుల మీద హత్య రుజువు కాలేదు. అయినా మిగతా నేరాల కింద ఏడేళ్లు దేశాంతరం వేశారు. దేశం దాటించకుండా ఓడల జైల్లోనే ఉంచి 1840లో వదిలేశారు. ఒక ప్రాణం పోయింది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ గమనించండి. కూడబెట్టిన జీతంతో ఇంటికి పోయే సిపాయిని తియ్యటి మాటలతో పడగొట్టినవాడి పేరు, కొన్నేళ్లు తిరక్కుండానే, కోసిన కూలి గురించి గుంపుగా అడిగినవాడి మీదికి వచ్చి పడింది.

ఆ తర్వాత ఇంగ్లీషులో తియ్యటి మాటల సంగతి పూర్తిగా పోయింది. కండలు, గొంతు, దౌర్జన్యం మిగిలాయి. మనం మాత్రం తిరిగి అమెరికా వైపు పుట్టిన 'రౌడీ' అనే మాట తెచ్చుకొని అచ్చ తెలుగు చేసేశాం, రౌడీషీటర్ దాకా. వాళ్లు మన టక్కరిని పట్టుకుపోయి, వాళ్ల మోటువాణ్ణి మనకిచ్చారు. బదిలీ బాగానే జరిగింది!

మన చట్టంలో మాత్రం ఠగ్గు చాలాకాలం బతికాడు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 310వ సెక్షన్ ఠగ్గు ఎవరో చెప్పింది. హత్యతో కూడిన దోపిడీకో, పిల్లల్ని ఎత్తుకుపోవడానికో ఇతరులతో అలవాటుగా కలిసి తిరిగేవాడు ఠగ్గు. 311వ సెక్షన్ యావజ్జీవం. 2024 జులై 1న కొత్త న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ రెండూ తీసేశారు. కొత్తదాంట్లో 310వ నంబరు డెకాయిటీది, అంటే ఐదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి చేసే దోపిడీ. ఏజెంటు మోసాలు పడే పాత 420 కూడా ఇప్పుడు 318 అయింది. ఊళ్లో మాత్రం జనం ఇంకా 'వాడొక ఫోర్ ట్వంటీ' అనే అంటున్నారు, ఇంకో యాభై ఏళ్లు అంటారు.

ఆ నిర్మల్ తమ్ముడి సంగతి ఎపిసోడ్‌లో చెప్పలేదు, గొంతు పెగల్లేదు. రెండు నెలల జీతం అందరితో పాటు అతనికీ వచ్చింది. కాగితం మాత్రం ఫైల్లో ఉండిపోయింది. కాంట్రాక్టు అయిపోయినప్పుడు రెన్యూ చేయలేదు, కారణం చెప్పలేదు. ఇదంతా చదివాక నేను ఆఫీసుకు పోయి, ఆ మాట కొట్టేసి 'గట్టిగా మాట్లాడాడు' అని మార్చమని కాగితం పెట్టుకున్నా. మనిషే వెళ్లిపోయాడు, ఇంకెందుకు అన్నారు.

అతనిప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసినప్పుడు ఈ కథంతా చెప్పాను, సిపాయిలు, సోఠా, గ్లాస్గో, అన్నీ. చివరిదాకా ఊకొడుతూ విన్నాడు.

"గట్ల రాసిన్రానే నా మీద?" అన్నాడు. "నువ్వు సదివినవా అన్నా, సంతకం పెట్టే ముందల?"

చదివానని చెప్పాను.